ఇటుకలాట: అసలేది, నకలేది

పోయిన ఆదివారం పప్పుకి పోపు పెడుతుంటే బెంగళూరు నుంచి మావాడు వీడియో కాల్ చేశాడు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. గదిలో సరైన మంచం లేదుగానీ గోడకి ఓ చెక్క అలమర కొట్టించుకున్నాడు. దాన్నిండా పాత వీడియో గేములే. "అమ్మా, ఇది చూడు" అని ఫోను పక్కకి తిప్పాడు. అట్టపెట్టెలో బూడిదరంగు క్యాసెట్టు, దాని పక్కన వైరు తోకతో చిన్న డబ్బా, ఆ డబ్బా మీద గుండ్రంగా తిప్పే నాబ్. ఆట పేరు అర్కనాయిడ్ అట. వాడి ఫ్రెండుది, అమ్ముతానంటున్నాడట.

"ఎంతరా?" అన్నాను. చెప్పాడు. నా గరిటె ఆగిపోయింది. ఆ డబ్బుతో మన కాలవగట్టు మీద బట్టీలో ఓ ట్రాక్టరు లోడు నిజం ఇటుకలే వస్తాయి కదరా అంటే పకపకా నవ్వాడు. "ఇంకా కొనలేదులే. నువ్వేగా ఈ ఆటలో ఎక్స్‌పర్టువి, ఏ వెర్షన్ కొనమంటావో చెప్పు" అన్నాడు. వాడు సరదాకే అన్నాడు. నాకు మాత్రం ఆ నాబ్ చూసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఎందుకో చెప్పాలంటే మా మేనత్త సంగతి చెప్పాలి.

పేరు తెలియకపోయినా ఈ ఆట మీ అందరికీ తెలిసే ఉంటుంది. పైన వరసల్లో రంగురంగుల ఇటుకలు, కింద అటూ ఇటూ జరిగే చిన్న పలక, మధ్యలో గెంతే బంతి. బంతి కింద పడకుండా పలకతో కొడుతూ గోడంతా కూల్చాలి. అంతే. చంపడాలు, కాల్చడాలు లేవు. దీని పుట్టింటి పేరు బ్రేకవుట్. మా ఇంట్లో మాత్రం ఇటుకలాటే.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కోనసీమలో చాలా ఊళ్ళలాగే మా ఊళ్ళోనూ వీధికిద్దరు ఆడవాళ్ళు గల్ఫ్‌లో ఉండేవారు. మా అత్త కువైట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్ళింది. 1990లో యుద్ధం వచ్చినప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చి, అంతా సద్దుమణిగాక మళ్ళీ వెళ్ళింది. 1993 సంక్రాంతికి వచ్చినప్పుడు సెంటుసీసాలు, పాలపొడి డబ్బాలతో పాటు మాకు టీవీ వీడియో గేమ్ తెచ్చింది. జపాన్ వాళ్ళ నింటెండో కంపెనీ 1983లో ఫ్యామికామ్ అని ఒక పెట్టె తెచ్చింది. దాన్ని చూసి తైవాన్, చైనా వైపు ఎవరెవరో చేసిన నకళ్ళు ఊరూరా తిరిగేవి. మాకొచ్చింది అలాంటిదే. పసుపురంగు క్యాసెట్టు మీద 64 ఇన్ 1 అని ఉండేది. పని చెయ్యకపోతే తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. ఆ విద్య ఎవరు నేర్పారో ఎవరికీ తెలీదు, దేశమంతా అదే చేసింది.

ఆటల పంపకం ఎలా జరిగిందో ఊహించగలరు కదా. కాంట్రా, మారియో అన్నయ్యకీ తమ్ముడికీ, వాళ్ళ స్నేహితులకీ. నాకు వాళ్ళు అన్నాలకి లేచిన ఆ ఇరవై నిముషాలు. అందులోనూ ఇటుకలాట ఒక్కటే నాది, ఎందుకంటే అది "ఆడపిల్లలాట". ఆ మాటకి అప్పుడు ఉక్రోషం వచ్చేది. ఇప్పుడైతే, పోనీలే, అలా అనబట్టే కదా నాకు దక్కింది అనిపిస్తుంది.

ఒక రాత్రి మగపిల్లలు కోడిపందాల నుంచి వచ్చి అలిసి పడుకున్నాక నేను సౌండు తగ్గించుకుని ఆడుకుంటున్నాను. అత్త వచ్చి పక్కన చాప మీద కూర్చుంది. కాసేపు చూసి "ఏదే, ఓసారి నాకియ్యి" అంది. ఇచ్చాను. రిమోట్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎడమవైపు ప్లస్సు గుర్తులాంటి బటన్ మీద బొటనవేలు పెట్టి దాన్ని మెలితిప్పబోయింది. "తిప్పేది ఏదే దీనికి?" అంది.

తిప్పడం లేదత్తా, నొక్కాలి అన్నాను. "కాదే, దీనికి తిప్పేది ఉండాలి. గుండ్రంగా ఉంటుంది" అంటుంది. సగం నిద్రలో ఉన్న అన్నయ్య లేచి "అత్తకి రేడియోకీ వీడియో గేముకీ తేడా తెలీదర్రా" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. అత్త రిమోట్ నా ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు మా ఇంట్లో ఎవరికి ఏం తెలియకపోయినా "తిప్పేది ఏదే" అని వెక్కిరించుకోవడం అలవాటైపోయింది.

ఆదివారం ఫోనులో ఆ నాబ్ చూశాను. తిప్పేది. గుండ్రంగా ఉంది.

అప్పట్నుంచి వారమంతా మావాణ్ణి ప్రశ్నలతో చంపుకు తిన్నాను. వాడు చెప్పిందీ, నేను చదివిందీ కలిపి చెప్తాను. బ్రేకవుట్ 1976లో అమెరికాలో అటారీ అనే కంపెనీ తెచ్చిన ఆట. డబ్బులేసి ఆడే నిలువుపెట్టె. దాని ముందు నిలబడి నాబ్ తిప్పాలి. ఎనిమిది వరసలు, వరసకి 14 ఇటుకలు. తెర నిజానికి నలుపూ తెలుపే. దాని మీద అడ్డంగా రంగు పట్టీలు అంటిస్తే ఇటుకలు పసుపు, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగుల్లో కనిపించేవి. చిన్నప్పుడు మనం నలుపూ తెలుపూ టీవీకి నీలం అద్దం తగిలించుకోలేదూ, అదే తెలివి! పసుపు ఇటుకకి 1, ఆకుపచ్చకి 3, నారింజకి 5, ఎరుపుకి 7. గోడంతా కూలిస్తే 448. రెండో గోడ కూడా కూల్చేస్తే 896, మూడో గోడ లేదు. పైన గోడకి కన్నం పడి బంతి అటువైపు తగిలిందా, మన పలక సగానికి తగ్గిపోతుంది. బాగా ఆడినందుకు శిక్ష. సంసారంలాగే ఉందే అనుకున్నాను.

ఆ పెట్టె లోపలి సర్క్యూట్‌ని తక్కువ చిప్పులతో చెయ్యమని అటారీ వాళ్ళు స్టీవ్ జాబ్స్‌కి అప్పజెబితే, అతను స్నేహితుడు వోజ్నియాక్‌ని కూర్చోబెట్టి నాలుగు రాత్రుళ్ళలో చేయించాడు. నీ సగం ఇదీ అని 350 డాలర్లు చేతిలో పెట్టాడు. కంపెనీ నుంచి జాబ్స్‌కి ముట్టింది దానికి ఎన్నో రెట్లని వోజ్నియాక్‌కి ఏళ్ళ తర్వాత తెలిసింది. అంత కష్టపడి చేసిన సర్క్యూట్‌ని కంపెనీ వాడుకోలేదు కూడా. ఆయన మాత్రం ఈ ఆట మీద ప్రేమ వదులుకోలేదు. 1977లో యాపిల్ 2 కంప్యూటర్ చేస్తూ రంగులు, శబ్దం, తిప్పే నాబ్‌లు ఇవన్నీ పెట్టింది ఎక్కువగా ఇంట్లో కూర్చుని బ్రేకవుట్ ఆడుకోవడానికేనని ఆయనే చెప్పుకున్నాడు. మళ్ళీ 2001లో జాబ్స్ తెచ్చిన మొదటి ఐపాడ్‌లో పాటల మధ్య ఈ ఇటుకలాట దాక్కుని ఉండేది. దానికి గుండ్రటి చక్రం ఉండేది కదా, దాన్ని తిప్పుతూ ఆడాలి. అంటే చూడండి, తెలిసినవాళ్ళు ఎక్కడికెళ్ళినా తిప్పేది వదల్లేదు.

ఇంటి టీవీకి పెట్టుకునే అటారీ 2600 వెర్షన్ 1978లో వచ్చింది. వరసలు ఆరుకి తగ్గాయి, పాయింట్ల లెక్క మారింది గానీ నాబ్ ఉంది. అసలు రెండు నాబ్‌లు ఒకే ప్లగ్గుకి కవలపిల్లల్లా తగిలించి ఇచ్చేవారు. అత్త కువైట్‌లో చూసింది ఇలాంటిదే అయి ఉంటుందని మావాడి ఊహ. పాతవి కొనేవాళ్ళకి ఇందులో ఓ చిక్కుంది. నాబ్ తిప్పుతుంటే పలక వణుకుతుంది. దాన్ని జిట్టర్ అంటారట. వాడు ఇంగ్లీషులో ఏదో చెప్పబోతే నేనే ఆపి అడిగాను: మన మర్ఫీ రేడియోకి వాల్యూమ్ తిప్పితే బరబరమనేది, అదేనా? అదేనట! లోపల వస్తువు కూడా అదే. దుమ్ము పడితే రేడియో మెకానిక్ ఓ చుక్క వేసి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి ఇచ్చేవాడు, దీనికీ శుభ్రం చేసే స్ప్రే కొట్టి తిప్పడమే వైద్యం. కాబట్టి రేడియోకీ వీడియో గేముకీ తేడా తెలీదని అన్నయ్య అన్నాడు చూశారూ, ఈ ఆట మటుకు తేడా నిజంగానే లేదు.

ఇక అర్కనాయిడ్. జపాన్‌లో టైటో కంపెనీ 1986లో తెచ్చింది. బ్రేకవుట్ పాతబడిపోయిందని అందరూ అనుకున్నాక దానికి కొత్త చీర కట్టినట్టు తయారుచేశారు. పలక కాస్తా అంతరిక్ష నౌక అయింది. కొన్ని ఇటుకలు పగిలితే మాత్రలు రాలతాయి. ఒకటి పట్టుకుంటే పలక పొడుగవుతుంది, ఒకటి పడితే బంతి నెమ్మదిస్తుంది, ఒకటి పడితే బంతి మూడవుతుంది. బంగారు ఇటుకలు ఎంత కొట్టినా పగలవు. ఇంట్లో ఆడే ఫ్యామికామ్ క్యాసెట్టుతో పాటు ఈ నాబ్ డబ్బాని కూడా కలిపి అమ్మారు, ఎందుకంటే బాణం బటన్‌తో ఈ ఆట సరిగ్గా నడవదని చేసినవాళ్ళకి తెలుసు. బటన్ నొక్కితే పలక తన వేగంతో తను వెళ్తుంది. నాబ్ అయితే మన చెయ్యి ఎంత తిరిగితే పలక అంత, చెయ్యి ఆగితే అదీ ఆగుతుంది.

మరి నకలు చేసినవాళ్ళు? 64 ఆటల్లో ఒకటిగా అర్కనాయిడ్‌ని ఎక్కించేశారు, నాబ్ పారేశారు. మనదాకా వచ్చేసరికి ఆట వచ్చింది, ఆట ఆడే చెయ్యి రాలేదు. మాకు అదే అసలు అనుకున్నాం. తిప్పేది ఏదని అడిగిన ఒకే ఒక్క మనిషిని చూసి నవ్వాం.

"అందుకే అమ్మా, ఆ క్యాసెట్లన్నీ ఫేకు, వాటికి విలువ లేదు" అంటాడు మావాడు. ఇక్కడ వాడితో నాకు పేచీ ఉంది. చేసినవాళ్ళకి పైసా ముట్టకుండా అమ్ముకున్నారన్నది నిజమే, కాదనను. కానీ 1993లో అసలుది అమ్మే కొట్టు మా అమలాపురంలో ఎక్కడుంది? మా తరం మొత్తం ఆడిందే ఆ నకలు మీద. నాబ్ లేకపోబట్టే నా బొటనవేలికి కాయ కాసింది. బటన్ వేగం చాలదు కాబట్టి బంతి ఎటు పడుతుందో రెండు దెబ్బల ముందే లెక్కగట్టడం నేర్చుకున్నాను. మూల నుంచి కన్నం తవ్వి బంతిని గోడ పైకి పంపేస్తే అదే అక్కడ గెంతుకుంటూ సగం పని చేసేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. డీప్‌మైండ్ అనే సంస్థ వాళ్ళు అటారీ బ్రేకవుట్‌ని ఓ కంప్యూటర్ చేత వందలసార్లు ఆడిస్తే దానంతటదే ఈ కిటుకు కనిపెట్టిందని 2015లో నేచర్ పత్రికలో గొప్పగా రాశారు. మా ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్ల అన్నాల టైములో కనిపెట్టింది మరి!

అందుకని నేననేది, సేకరించేవాళ్ళు ఆ పసుపు క్యాసెట్టుని కూడా అలమరలో పెట్టాలి. జపాన్ పెట్టెలు దాచేవాళ్ళు జపాన్‌లో ఉన్నారు, అటారీవి దాచేవాళ్ళు అమెరికాలో ఉన్నారు. మన ఇళ్ళలో ఆడినవి ఎవరు దాస్తారు? పాత సామాన్లవాడికి వేసేశాం. మాదైతే అదీ కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా ఇంటి పెంకులు లేచిపోయి అటక మీద సామానంతా నానిపోయింది. ఊళ్ళో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయి ఉంటే వీడియో గేమ్ గురించి ఏడ్చే ధైర్యం ఎవరికుంటుంది? చాలా రోజులకి కరెంటు వచ్చాక తమ్ముడు పెట్టి చూశాడు. తెర మీద గీతలు తప్ప ఏమీ రాలేదు.

అసలు, నకలు అన్న మాటకి ఇంకొకటి గుర్తొచ్చింది. బ్రేకవుట్‌ని కాపీరైట్ కింద నమోదు చెయ్యమంటే అమెరికా కాపీరైట్ ఆఫీసు కుదరదంది. నాలుగు దీర్ఘచతురస్రాలు, ఓ బంతి, ఇందులో సృజన ఏముందని. కేసు అప్పీలు కోర్టుకి వెళ్ళింది. 1989లో ఒకసారి, 1992లో మళ్ళీ ఒకసారి ఆ ఆఫీసు నిర్ణయాన్ని తిప్పికొడుతూ తీర్పు రాసింది రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. మరుసటేడు సుప్రీం కోర్టు జడ్జీ అయిందే, ఆవిడే. ఆకారాలు మామూలువే కావచ్చు, వాటిని ఎంచుకుని అమర్చడంలో సృజన ఉండొచ్చు కదా అన్నది ఆవిడ వాదన సారం. నాకు వెంటనే ముగ్గు గుర్తొచ్చింది. చుక్కలూ గీతలే కదా అని ధనుర్మాసంలో మన వాకిట్లో నిలబడి ఎవరైనా అనమనండి చూద్దాం.

మిగతా వెర్షన్లు త్వరగా చెప్పేస్తాను. 1996లో వచ్చిన డిఎక్స్ బాల్ కంప్యూటర్లో మౌసుతో ఆడేది. రాజమండ్రిలో మేం కాపురం పెట్టాక మావారు కొన్న పాత కంప్యూటర్లో ఉండేది. మౌసు చెయ్యి మాట వింటుంది కాబట్టి నాబ్ తర్వాత మార్కు దానికే. మంచి మాత్రలతో పాటు చెడ్డ మాత్రలు కూడా రాలతాయి, తొందరపడి పట్టుకుంటే పలక చిన్నదైపోతుంది. ఫోనులో వేలితో ఆడేవి నాకు అసలు నచ్చవు. ఆడే వేలే బంతికి అడ్డమొస్తుంది, నిముషానికో ప్రకటన.

చేతిలో పట్టుకునే బ్రిక్ గేమ్‌కి మాత్రం ఎన్ని మార్కులివ్వాలో తెలీదు. 9999 ఇన్ 1 అని రాసి ఉండేవి, గుర్తున్నాయా? అన్నీ పది పన్నెండు ఆటలే, వేగం మార్చి లెక్క పెంచారు. అందులో ఓ మూల ఇటుకలాట కూడా ఉంటుంది, నల్లచుక్కలతో, రంగూ లేదు నాబూ లేదు. 2003 పుష్కరాల్లో కోటగుమ్మం దగ్గర బళ్ళ మీద మావారు కొన్నారు, చంటిపిల్లాడు ఏడవకుండా. పిల్లాడు దాన్ని కొరికి పారేశాడు. అత్తగారు తీసి తుడిచి చూసుకుని, మధ్యాహ్నం నిద్ర మానేసి ఆడటం మొదలుపెట్టారు. కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక డాక్టరు చదవడం, టీవీ తగ్గించమంటే "ఇది చదువూ కాదు, టీవీ కాదు కదమ్మా" అనేవారు. ఆవిడ పోయాక ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల్లో దొరికింది. కారి పాడైపోకుండా బ్యాటరీలు తీసి విడిగా కాగితంలో చుట్టి పెట్టారు. మావాడు చదివే కలెక్టర్ల పుస్తకాల్లో మొదటి సలహా అదేనట. అది అలమరలోకి ఇవ్వను, వాడు ఎంత అడిగినా సరే.

నిన్న సాయంత్రం అత్తకి ఫోన్ చేశాను. ఇప్పుడు రాజోలులో కూతురి దగ్గర ఉంటోంది. మోకాళ్ళ నొప్పులు, షుగరు, అన్నీ అయ్యాక "అత్తా, నువ్వు అప్పట్లో తిప్పేది ఏదే అని అడిగావు, గుర్తుందా" అన్నాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను.

"గుర్తులేకపోవడమేంటే, ఏళ్ళ తరబడి ఆడిపోసుకున్నారు కదా మీరంతా" అంది. తర్వాత చెప్పింది. ఆ ఇంట్లో చిన్నపిల్లాడు రాత్రిళ్ళు నిద్రపోయేవాడు కాదట. అందరూ పడుకున్నాక వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రెండు నాబ్‌లలో ఒకటి వాడి చేతికిచ్చి రెండోది తను తిప్పేదట. మన భాష వాడికి రాదు, వాడి భాష అప్పటికి ఈవిడకి రాదు. "ఆడి చెయ్యి మీద నా చెయ్యేసి తిప్పేదాన్ని. గోడ మొత్తం పడగొట్టేవాళ్ళం. యుద్ధమొచ్చిన రోజు కూడా ఆ పెట్టె అలా టీవీ కింద పెట్టే ఉంది" అంది. "ఆడికిప్పుడు నలభై ఉంటాయే."

నవ్వినందుకు ఏదో అనబోయాను. అత్త అననివ్వలేదు, గుత్తొంకాయలోకి నువ్వులు వేయిస్తున్నావా పచ్చివే వేస్తున్నావా అని అడిగింది.

రాత్రి మావాడికి చెప్పాను. పెట్టె విప్పని సీలు సరుకు వద్దు, దానికి పెట్టేది అట్టపెట్టె ఖరీదు. నాబ్ ఉన్నదే కొను, వాడినదైనా సరే, వణికితే శుభ్రం చేయించు. అర్కనాయిడ్ కాదు, రెండు నాబ్‌ల అటారీది చూడు. సంక్రాంతికి తీసుకురా, రాజోలు వెళ్దాం. అయితే డబ్బా టీవీ కావాలమ్మా, ఈ పల్చటి టీవీల్లో చెయ్యి తిప్పిన క్షణం తర్వాత గానీ పలక కదలదు అన్నాడు. అత్తవాళ్ళింట్లో ఒకటి ఉంది. దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు, లోపల పని చేస్తుందో లేదో తెలీదు. ఈ వారం పాత సామాన్లవాడు వస్తే ఇవ్వొద్దని వదినకి ఫోన్ చేసి చెప్పాను.